శరీర సేనను శాసించే హార్మోను

1948 సెప్టెంబరు 21. అమెరికాలోని రోచెస్టర్ నగరంలో మేయో క్లినిక్. నాలుగేళ్లకు పైగా కీళ్లవాతంతో కృశించి, పక్కమీద ఒత్తిగిలడమే గగనమైన 29 ఏళ్ల యువతికి డాక్టర్ ఫిలిప్ హెంచ్ బృందం ఒక కొత్త మందును ఇంజెక్షనుగా ఇచ్చింది. మూడవ నాటికి కీళ్ల బిగువు సడలింది. వారం తిరిగేసరికి ఆమె తన కాళ్లతో నడిచి బజారుకు వెళ్లివచ్చింది!

ఆ మందు పేరు కార్టిజోన్. అది శరీరానికి పరాయిది కాదు. శరీరం స్వయంగా తయారుచేసుకునే హార్మోనే.

హెంచ్‌కు దారి చూపినది 1929లో ఆయన గమనించిన ఒక వింత. కామెర్లు సోకిన రోగికి కీళ్లనొప్పులు హఠాత్తుగా తగ్గిపోయాయి. గర్భం ధరించిన స్త్రీలలో అనేకులకు అటువంటి ఉపశమనమే కలుగుతున్నది. దేహంలోనే ఏదో పదార్థం వ్యాధిని అణచుతున్నదని ఆయన ఊహించాడు. అదే క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ 1930లలో అడ్రినల్ గ్రంథుల నుంచి వేరుచేసిన పదార్థాలలో ఒకటి ఆ ఊహను నిజం చేసింది. 1950లో వీరిద్దరికీ, స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు రైక్‌స్టయిన్‌కూ కలిపి నోబెల్ బహుమతి లభించింది.

ఇంతకూ దీని మర్మమేమిటి? క్రిములు చొరబడగానే తెల్ల రక్తకణాలు సైటోకైన్లనే రసాయన దూతలను పంపుతాయి. ఆ వార్త మెదడులోని హైపోథాలమస్‌కు చేరుతుంది. అది పిట్యూటరీ గ్రంథిని, పిట్యూటరీ మూత్రపిండాలపై టోపీల వలె అమరిన అడ్రినల్ గ్రంథులను మేల్కొల్పుతాయి. అప్పుడు వెలువడే కార్టిసాల్ హార్మోను "ఇక చాలు" అని రక్షక కణాలను వారిస్తుంది. యుద్ధానికి దిగిన సేనయే సంధికర్తకు కబురు పంపినట్లు! కీళ్లవాతంలో ఈ సేన దారితప్పి సొంత కీళ్లపైనే దాడి చేస్తుంది. కార్టిజోన్ దానిని నిలువరించింది.

కాని మందు ఆపగానే నొప్పులు తిరిగివచ్చాయి. ఎక్కువ మోతాదులో దీర్ఘకాలం వాడినవారికి ముఖం ఉబ్బింది, ఎముకలు బలహీనపడ్డాయి, అంటువ్యాధులు తేలికగా సోకాయి. సేనను మరీ కట్టివేస్తే కోటకు కాపలా ఉండదు కదా!

ఈ పాఠం 2020లో మళ్లీ ఎదురైంది. కోవిడ్ సోకి వెంటిలేటరుపై ఉన్నవారిలో మరణాలను ఇదే జాతికి చెందిన డెక్సామెథసోన్ సుమారు మూడోవంతు తగ్గించిందని బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో తేలింది. ఆక్సిజన్ అవసరంలేని రోగులకు మాత్రం మేలు కనిపించలేదు. 2021లో మన దేశంలో బ్లాక్ ఫంగస్ విజృంభించినప్పుడు, అదుపులేని మధుమేహంతోపాటు స్టిరాయిడ్ల విచ్చలవిడి వాడకమూ ముఖ్య కారణమని వైద్యులు గుర్తించారు.

మరొక ప్రమాదమూ ఉంది. చాలాకాలం బయటినుంచి హార్మోను అందితే అడ్రినల్ గ్రంథులు తమ పని మాని నిద్రపోతాయి. మందును ఒక్కసారిగా మానివేస్తే ప్రాణాపాయం కలుగవచ్చు. అందుకే వైద్యులు మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్లు అన్న లెక్క ఆరోగ్యవంతమైన దేహానికి తెలుసు. మందుసీసాకు తెలియదు.