పాత అంబాసిడర్‌కి కొత్త పెట్రోల్: పైపులు చూసుకున్నారా?

హిందుస్థాన్ మోటార్స్ 2014లో అంబాసిడర్ తయారీ ఆపేసింది. మన గుంటూరు, ప్రకాశం ఊళ్లలో ఉన్నవాటిని మనమే కాపాడుకోవాలి.

ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ తేమను లాక్కుంటుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. మిర్చి కోతల్లో పడితే బండి నెలల తరబడి కదలదు కదా! ట్యాంకులో తుప్పు పట్టి, కార్బురేటర్‌లోకి దిగుతుంది. పైపు పగిలి వేడి ఇంజను మీద పెట్రోల్ కారితే మంటలే. అందుకే పైపులు, పంపు డయాఫ్రం ఇథనాల్‌ని తట్టుకునేవి వేయించండి, వీడియోలో చూపించాను. డీజిల్ బండివాళ్లకి ఈ బాధ లేదు.

పత్తి తీసేటప్పుడు రేడియేటర్‌లో దూది ఇరుక్కుంటుంది. ఇంజను వైపు నుంచి బయటికి గాలి కొట్టించండి.

వారానికోసారన్నా పొలం దాకా నడపండి. ఆ సోఫా సీట్లో నల్లరేగడి డొంకల గతుకులు కూడా హాయిగానే ఉంటాయి. జీవామృతం డ్రమ్ము మాత్రం డిక్కీలో పెట్టొద్దు. ఒలికితే రేకు తినేస్తుంది, వాసన సంక్రాంతి దాకా పోదు!