తాకే చేయి ఎవరిది?

మత మార్పిడులపై చర్చ వచ్చిన ప్రతిసారీ మిషన్ ఆస్పత్రులను బోనులో నిలబెట్టడం ఆనవాయితీ అయింది. జబ్బుపడ్డ బిడ్డకు మందిచ్చి తల్లి మతాన్ని కొనుక్కున్నారన్నది అభియోగం. ఆరోపించేవారూ, సమర్థించేవారూ మిషనరీల ఉద్దేశాల చుట్టూనే వాదిస్తారు. బిడ్డను చంకనేసుకొని ఊళ్లు దాటి నడిచిన తల్లి ఈ వాదోపవాదాల్లో ఎక్కడా కనిపించదు. ఊళ్లో వైద్యుడుండగా ఆమె అంత దూరం ఎందుకు నడవవలసి వచ్చిందో ఎవరూ అడగరు.

వైద్యం స్పర్శతో మొదలవుతుంది. నాడి పట్టాలి, కడుపు నొక్కి చూడాలి, పుండు కడగాలి. అంటరానితనం నిషేధించింది సరిగ్గా ఆ స్పర్శనే. మాల, మాదిగ వాడల్లో వైద్యజ్ఞానం లేకపోలేదు. పసరు మందులు తెలిసినవారు, మంత్రసానులు అక్కడా ఉన్నారు. పురుడు పోయడం మైల పని గనుక పై కులాల ఇళ్లలోనూ అనేక చోట్ల ఆ పనికి కింది కులాల స్త్రీలనే పిలిచారు. వారి చేతుల్లో పుట్టిన బిడ్డలే పెరిగి వారిని దూరం పెట్టారు. శాస్త్రం చదివిన వైద్యుడి చేయి మాత్రం వాడ దాకా రాలేదు.

ఈ నేపథ్యంలో గుంటూరు అనుభవాన్ని చూడాలి. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున అన్నా సారా కుగ్లర్ 1883లో అక్కడికి వచ్చారు. ఆమె పెన్సిల్వేనియాలోని మహిళా వైద్య కళాశాలలో చదివిన డాక్టరు. అయినా మిషన్ పెద్దలు ఆమెను మొదట బోధన పనికే నియమించారు. వైద్య మిషనరీగా గుర్తింపు 1885లో గానీ రాలేదు. 1893లో డిస్పెన్సరీ, 1898లో ఆస్పత్రి మొదలయ్యాయి. 1930లో మరణించే దాకా ఆమె కార్యక్షేత్రం గుంటూరే. ఆ ఆస్పత్రి నేటికీ ఆమె పేరుతోనే జనం నోట నిలిచి ఉంది.

ఆ ఆస్పత్రి సేవలు ఒక్క పేద కులాలకే పరిమితం కాలేదు. తన కుటుంబానికి అందిన చికిత్సకు కృతజ్ఞతగా ఏలూరు జమీందారు భుజంగరావు హిందూ రోగుల బంధువులు బస చేయడానికి అక్కడ సత్రం కట్టించారు. ఈ ఒక్క ఉదంతంలో రెండు సత్యాలున్నాయి. ఆస్పత్రి ఒకటే అయినా వంటా, బసా కులం ప్రకారమే సాగవలసి వచ్చిందన్నది మొదటిది. జమీందారు అందుకున్న వైద్యాన్ని చరిత్ర కృతజ్ఞత ఖాతాలో రాసుకుందన్నది రెండవది. అదే మందు మాదిగ తల్లి అందుకుంటే దానికి ప్రలోభమని పేరు పెట్టారు. మందు మారలేదు, ఇచ్చిన చేయి మారలేదు. పుచ్చుకున్నవారి కులాన్ని బట్టి పేరు మారింది.

పేదలకు సొంత బుద్ధి ఉండదనే నమ్మకమే ఈ ద్వంద్వ నీతికి పునాది. ఒంగోలు చరిత్ర ఈ నమ్మకాన్ని పూర్వపక్షం చేస్తుంది. మాదిగ కులానికి చెందిన యెర్రగుంట్ల పేరయ్య 1866లోనే బాప్తిస్మం పొంది తన బంధుజనంలో బోధకుడయ్యాడు. ధాతు కరువు అప్పటికి పదేళ్ల దూరంలో ఉంది. 1876-78 నాటి ఆ కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి పని చూపించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. 1878 జూలైలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతిని విమర్శకులు తరచూ ఉదహరిస్తారు. దానికి ముందున్న నిరీక్షణను ప్రస్తావించరు.

అలాగని మిషన్లను పటం కట్టి పూజించనక్కరలేదు. మతవ్యాప్తి వారి ప్రకటిత లక్ష్యం. వలసపాలన నీడ వారికి రక్షణ. చర్చిలోకి వెళ్లినా కులం వదలలేదు. కమ్మ, రెడ్డి క్రైస్తవులు తమ కులాలను నిలుపుకున్నారు, మాల మాదిగల మధ్య దూరాలు అలాగే మిగిలాయి. అయితే ఒక మార్పు మాత్రం చిన్నది కాదు. రక్తం, మలమూత్రాలు ముట్టుకోవలసిన నర్సు పనికి పై కులాల కుటుంబాలు తమ ఆడపిల్లలను పంపడానికి జంకిన రోజుల్లో దళిత క్రైస్తవ యువతులు ఆ శిక్షణలో చేరారు. తరతరాలుగా మైల అనిపించుకున్న పని వారికి చదువునూ, జీతాన్నీ, గౌరవాన్నీ తెచ్చింది. చికిత్స పొందినవారి బిడ్డలే చికిత్స చేసేవారయ్యారు.

ఈ చరిత్రకు రాజ్యం ఇచ్చిన సమాధానం విచిత్రమైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినా దళిత క్రైస్తవులు బయటే ఉన్నారు. మన రాష్ట్రాల్లో వారిది బీసీ-సీ వర్గం, ఒక్క శాతం రిజర్వేషన్. మరోవైపు 1967 నాటి ఒడిశా చట్టం మొదలు మత మార్పిడి నిరోధక చట్టాలు ప్రలోభానికి ఇచ్చిన నిర్వచనం ఎంత విశాలమంటే, డబ్బు రూపంలోనిదైనా కాకపోయినా ఏ ప్రయోజనమైనా అందులో ఇమిడిపోతుంది. అలాంటి నిర్వచనం కింద బిడ్డకు ఉచితంగా పోసిన మందు సైతం నేరానికి సాక్ష్యం కాగలదు. వైద్యం అందించడంలో వెనుకబడిన రాజ్యం, వైద్యం పొందినవారి విశ్వాసాన్ని విచారించడంలో ముందుంది.

వైద్యంలో అంతరం నేటికీ తీరలేదు. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వెయ్యి జననాలకు శిశు మరణాలు దాదాపు 35 కాగా, షెడ్యూల్డు కులాల్లో, తెగల్లో అవి 40 దాటాయి. గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లలకు అందే వైద్యంపై సంఘమిత్ర ఆచార్య 2010లో వెలువరించిన అధ్యయనం, రోగిని తాకేటప్పుడు, మందు చేతికిచ్చేటప్పుడు వివక్ష చూపుతున్నారని నమోదు చేసింది. ఇరవై ఒకటో శతాబ్దంలోనూ సమస్య స్పర్శ దగ్గరే ఆగి ఉంది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేద బిడ్డ గుండె ఆపరేషన్‌ను దాతల దయ నుంచి ప్రభుత్వ బాధ్యతగా మార్చింది. అది విలువైన అడుగే. కానీ ఆపరేషన్ ఖర్చు చెల్లిస్తే సరిపోదు. జ్వరానికీ, విరోచనాలకూ, రక్తహీనతకూ వాడకు దగ్గరలో డాక్టరు ఉండాలి. ఆ డాక్టరు బిడ్డ కులం అడగకుండా నాడి పట్టాలి. ఆ పని జరగని చోట తల్లి ఏ గడప దొరికితే ఆ గడప తొక్కుతుంది. ఆ గడప మీద ఏ గుర్తు ఉందో విచారించే ముందు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తలుపు ఎందుకు మూసి ఉందో ప్రభుత్వాలు జవాబు చెప్పాలి.