తాత వేసిన పునాదిమీద

మీ ఊరిలో మూతపడిన పాత ఇల్లు ఒకటి మీకున్నదా? పండుగలకు, వేసవి సెలవులకు మాత్రమే తాళం తీసే ఇల్లు? అయితే ఈ నాలుగు మాటలు మీ కోసమే.

మా తాత కట్టిన ఇల్లు అటువంటిదే. హైదరాబాదు నుండి ముంబయి వెళ్ళే రహదారిమీద పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో దిగి, లోపలికి కొంత దూరం నడవాలి. ఒక ప్రక్క చింతచెట్టు, ఇంకొక ప్రక్క చెరువు, నడుమ పెంకుటిల్లు. పటాన్‌చెరు చుట్టూ కంపెనీలు వచ్చిన తరువాత మా ఇంటి మగవాళ్ళంతా ఉద్యోగాలకు అటు వెళ్ళారు. ఇల్లు సెలవుల ఇల్లయింది. క్రిస్మస్‌కు, ఎండాకాలానికి అందరం అక్కడ చేరేవాళ్ళం. సాయంత్రం చెరువుగాలికి చాపలు పరచుకొని, కుటుంబ ప్రార్థన చేసుకొని, అక్కడే పడుకొనేవాళ్ళం.

నాయన పోయాక ఇల్లు చూసేవారు లేకపోయారు. ఒక వానకాలంలో దూలం విరిగింది. మరుసటి ఏడు మట్టిగోడలు కరిగి కూలాయి. మిగిలింది మోకాలెత్తు రాతి బేస్‌మెంటు మాత్రమే.

అన్న ఉద్యోగ విరమణ పొందగానే వచ్చిన డబ్బులో కొంత ప్రక్కన పెట్టి, "తాత పునాది ఉండనే ఉన్నది. దానిమీదే స్లాబు ఇల్లు కడదాం, పైన ఇంకొక గది వేద్దాం, చెరువు కనబడేటట్టు" అన్నాడు. అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమెకు కావలసింది కూడా అదే. పునాది ఖర్చు తప్పిందని నేనూ సంతోషించాను.

మేస్త్రి మాత్రం ఒప్పుకోలేదు.

"అమ్మా, ముందు త్రవ్వి చూడనియ్యండి. కట్టేది నేనే గాని, మోసేది మట్టి" అన్నాడు.

పగులు చెప్పిన సంగతి

ఇంటి చుట్టూ మూడుచోట్ల, పునాదిని ఆనుకొని గుంతలు త్రవ్వించాము. చింతచెట్టు ప్రక్కన రెండు గుంతలలో రాయి గట్టి ఎర్ర మొరంమీద కూర్చున్నది. గడ్డపారతో పొడిచినా డంగుసున్నం రాలలేదు. చెరువు ప్రక్కన మూడవ గుంతలో మాత్రం రాళ్ళ క్రింద నల్లరేగడి. రాళ్ళ మధ్య సున్నం పొడియైపోయింది. మూలరాయి ఒక ప్రక్కకు ఒరిగింది.

అప్పుడు నాకు ఒక సంగతి గుర్తుకు వచ్చింది. చెరువు ప్రక్క గదికీ నడి ఇంటికీ మధ్య గోడలో ఒక ఏటవాలు పగులు ఉండేది. ప్రతి క్రిస్మస్‌కు ముందు అమ్మ దానిని మట్టితో మెత్తి సున్నం వేసేది. వానకాలం వచ్చేసరికి అది మళ్ళీ తెరచుకొనేది. ఎన్నో సంవత్సరాలు మెత్తాము గాని, అది ఎందుకు వస్తున్నదని ఒక్కసారి కూడా క్రిందికి చూడలేదు.

కారణం ఇదీ. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకొని బీటలు వారుతుంది. మొరం అలా కదలదు. ఒకే ఇంటి పునాదిలో సగం కదలని నేలమీద, సగం కదిలే నేలమీద ఉంటే, ఆ రెండూ కలిసేచోట గోడ పగులక తప్పదు. మన ప్రాంతంలో ఈ రెండు నేలలూ ప్రక్కప్రక్కనే ఉంటాయి. 1972లో పటాన్‌చెరులో నెలకొల్పిన ఇక్రిశాట్ పరిశోధన కేంద్రం పొలాలలో ఎర్రనేలా నల్లనేలా రెండూ ఉన్నాయి. కనుక ప్రక్కింటి పునాదిని చూసి మన పునాది సంగతి తేల్చుకోకూడదు.

బరువు లెక్క

మేస్త్రి ఇంకొక మాట అన్నాడు. "మీ తాతగారి గోడలు కప్పును మోయలేదు. కర్ర స్తంభాలు మోసినయి." నిజమే. స్తంభాలు వేరే రాళ్ళమీద నిలిచి ఉండేవి. గోడ క్రింది పునాది తన గోడను మాత్రమే మోసింది. పెంకులు, వాసాలు, దూలాలు కలిపినా 100 చదరపు అడుగుల కప్పు ఒక టన్నుకు అటూ ఇటూ. అదే 5 అంగుళాల స్లాబు అయితే దాదాపు 3 టన్నులు. పైన ఇంకొక గది అంటే గోడలూ, ఇంకొక స్లాబూ. అంత బరువు ఎన్నడూ మోయని పునాదిమీద పెట్టబోయాము!

ఇంజనీరును పిలిచి చూపించాము. ఆయన మూడు దారులు చెప్పారు. మొత్తం తీసివేసి, పిల్లర్లతో క్రొత్త పునాది వేసుకోవడం ఒకటి. నల్లరేగడి ఉన్నచోట గట్టి నేల తగిలేవరకు లోతుగా వెళ్ళడం, లేదా అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైళ్ళు వేయడం రెండవది. ఈ పైళ్ళ పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇటువంటి నేలల కోసమే వృద్ధిచేశారు. మొరంమీద ఉన్న భాగాన్ని మాత్రం ఉంచుకొని, దానిపైన తేలికైన చిన్న ఇల్లు కట్టుకోవడం మూడవది.

చెరువు హద్దు

మాకు తెలియని ఇంకొక సంగతి హద్దు. చాలా ఏండ్లు చెరువు సగమే నిండుతూ వచ్చింది గనుక, నీరు ఎక్కడున్నదో అదే చెరువు అనుకున్నాము. అది పొరపాటు. చెరువు నిండా నిండినప్పుడు నీరు నిలిచే గీతను పూర్తి నీటిమట్టం, ఎఫ్.టి.ఎల్. అంటారు. దానిలోపలిది శిఖం భూమి. 2012 భవన నిర్మాణ నియమాల ప్రకారం, 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఆ గీతనుండి 30 మీటర్లు, అంతకు చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. పాత పునాది ఉన్నంత మాత్రాన క్రొత్త ఇంటికి అనుమతి వచ్చినట్లు కాదు.

మన జిల్లాలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఆ అమీన్‌పూర్ ప్రాంతంలోనే 2024లో హైడ్రా సంస్థ కట్టడాలను కూల్చినప్పుడు, అప్పుచేసి ఇల్లు కొనుక్కున్న కుటుంబాలు ఏడ్వడం మనం చూశాము. 2015లో మొదలైన మిషన్ కాకతీయ క్రింద ఎన్నో చెరువులలో పూడిక తీశారు. ఎండిన చెరువు ఎండినట్లే ఉంటుందని నమ్మి కట్టుకోవడానికి వీలులేదు.

నీటిపారుదల శాఖవారిని, సర్వేయరును పిలిపించి కొలిపించాము. మాది 25 ఎకరాల లోపు చెరువు. అయినా చెరువు ప్రక్క గది ఆ 9 మీటర్లలోనే పడింది. అమ్మ అప్పుడు మెల్లగా చెప్పింది: "మీరు చిన్నగున్నప్పుడు ఒక వానకాలం నీళ్ళు ఆ గది మెట్టుదాకా వచ్చినయి బిడ్డా. మీ నాయన రాత్రంతా నిద్రపోలే." ఆ మాట మేము ఎన్నడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

చివరికి చేసింది

అన్నకు బాధ కలిగింది. చెరువు కనబడే ఆ గది ఆయన కోరుకున్నది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడవనాడు తానే మేస్త్రిని పిలిచి, "ఆ గది వద్దు. మిగతాది కట్టు" అన్నాడు.

అనుమతి తీసుకొని, మొరంమీద ఉన్న పునాదిని నిలుపుకొన్నాము. రాళ్ళ సందులు శుభ్రంచేసి సున్నంతో నింపించాము. దానిమీద చుట్టూ ఇనుము వేసిన ప్లింత్ బీమ్ పోయించి, గోడలు లేపి, స్లాబుకు బదులు మళ్ళీ పెంకులే వేయించాము. పాత టేకు ద్వారబంధం, చెడని రెండు దూలాలు పనికి వచ్చాయి. వాననీరు గోడల దగ్గర నిలువకుండా చుట్టూ బయటికి వాలుగా బండలు పరిపించాము. చెరువు ప్రక్క రాళ్ళను తీసి, ఇటు ప్రక్క చింతచెట్టు క్రింద ఒక అరుగు కట్టించాము. రెండు గదులు, ఒక వంటిల్లు, అంతే.

ప్రియులారా, పాత పునాదిమీద కట్టదలచితే, మొదట హద్దు కొలిపించండి. తరువాత కనీసం మూడుచోట్ల త్రవ్వించి, క్రింది మట్టిని కండ్లారా చూడండి. పాత పగుళ్ళను గుర్తు తెచ్చుకోండి. కప్పు బరువు ఇంజనీరుచేత లెక్క కట్టించండి. ఇంట్లో పెద్దలుంటే, నీరు ఎక్కడిదాకా వచ్చిందో అడగండి. ఆ తరువాతనే సిమెంటు కొనండి.

ఇల్లు కట్టిన ఇద్దరి ఉపమానం మనకందరికీ తెలుసు. బండ, ఇసుక గుర్తుంటాయి. లూకా సువార్తలో మాత్రం, బుద్ధిగలవాడు లోతుగా త్రవ్విన సంగతి కూడా ఉన్నది. ఆ మాటను చిన్నప్పటినుండి వింటున్నాను గాని, గుంతలో దిగి నల్లమట్టిని చేతిలోకి తీసుకొన్న రోజున నాకు అర్థమైంది.

మొన్న క్రిస్మస్‌కు అందరం ఆ అరుగుమీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాము. అన్న చెరువుకు ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. ఈసారి అమ్మకు మెత్తవలసిన పగులు లేదు.