వజ్రాలు కొల్లూరువి, పేరు గోలకొండది

పిల్లలూ, తెనాలి, రేపల్లె ప్రాంతాల వారికి కొల్లూరు తెలియని ఊరు కాదు. కృష్ణ ఒడ్డున, లంకల పక్కన ఉన్నది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరింది. "కోహినూరు వజ్రం కొల్లూరులోనే దొరికిందట!" అని పెద్దలు అనుకుంటూ ఉంటే ఆ ఊరి పిల్లలకు ఎంత సంతోషంగా ఉంటుందో! కాని వజ్రాల కొల్లూరు వేరు, ఈ కొల్లూరు వేరు. రెండూ కృష్ణకు కుడిగట్టునే ఉండటం వల్ల ఈ చిక్కు వచ్చింది. వజ్రాల కొల్లూరు బాగా ఎగువన, ఇప్పటి పల్నాడు జిల్లా బెల్లంకొండ మండలంలో ఉండేది. పులిచింతల జలాశయం వచ్చాక అది నీటిలో మునిగిపోయింది.

17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు వజ్రాలు కొనటానికి ఈ గనికి వచ్చాడు. అది గోలకొండకు ఏడు రోజుల ప్రయాణం. అక్కడ దాదాపు 60,000 మంది పని చేస్తున్నారనీ, మగవాళ్లు నేల తవ్వుతుంటే ఆడవాళ్లూ, పిల్లలూ ఆ మన్ను మోస్తున్నారనీ అతను రాశాడు. ఆ మోసేవాళ్లలో మీ ఈడు పిల్లలు కూడా ఉండి ఉంటారు!

అతను ఇంకొక తమాషా సంగతి రాశాడు. ఆ చోటును దేశభాషలో "గని" అంటారట, పారశీక భాషలో "కూలూర్" అంటారట! గని అంటే ఏమిటో మీకు తెలుసు. అది ఊరి పేరు కాదు. అసలు తెలుగు పేరు కొల్లూరే. గుంటూరు, ఏలూరు, నెల్లూరు అన్న పేర్లలో ఉన్న "ఊరే" దీని చివర కూడా ఉన్నది. అప్పటి పారశీకపు రాతలో మన "ఒ"కు ప్రత్యేకమైన అక్షరం లేదు. మాట చివరి "ఉ" కూడా జారిపోతుంది. అందుచేత కొల్లూరు కాస్తా కూలూర్ అయింది.

గోలకొండ సంగతీ ఇలాంటిదే. అది మొదట "గొల్లకొండ", అంటే గొల్లవాడి కొండ అని చెబుతారు. ద్విత్వం పోయి, "గొ" దీర్ఘమై "గోల్కొండ" అయింది. మనం "ండ" అనేటప్పుడు నాలుక పైకి మడుస్తాము. ఐరోపా వారికి ఆ అలవాటు లేదు. అందుకని ఇంగ్లీషు వారి నోట అది "గాల్కాండా" అయింది.

మరి వజ్రాలు కొల్లూరులో దొరికితే పేరు గోలకొండకు ఎందుకు వచ్చింది? గోలకొండ కొండలో ఒక్క వజ్రపు గని కూడా లేదు. కాని 1518 నుంచి 1687 దాకా ఈ దేశాన్ని ఏలిన కుతుబ్ షాహీ సుల్తానుల కోట అది. గనులు వారివి, వర్తకం వారి రాజ్యంలోది. లంకలో పండిన అరటిగెలకు దాన్ని అమ్మిన బస్తీ పేరు అంటుకున్నట్టు, కొల్లూరు రాళ్లకు గోలకొండ పేరు అంటుకున్నది.

ఆ పేరు సముద్రాలు దాటింది. ఇంగ్లీషు నిఘంటువులో "గోల్కొండ" అంటే తరగని సంపద అని అర్థం ఉన్నది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రాన, ఒహైయో నది ఒడ్డున ఒక గోల్కొండ ఉన్నది. నెవాడా రాష్ట్రంలో మరొకటి ఉన్నది. పుదుచ్చేరి అరవిందాశ్రమంలో ఒక వసతి గృహం పేరు కూడా గోల్కొండే. హైదరాబాదు నిజాము ఇచ్చిన విరాళంతో దాన్ని కట్టారు. టావెర్నియే ఫ్రాన్సు రాజు 14వ లూయీకి ఒక నీలి వజ్రం అమ్మాడు. అది కొల్లూరు గనిదే అయి ఉంటుందని పండితుల అభిప్రాయం. దాన్నుంచి కోసిన "హోప్" వజ్రం 1958 నుంచి వాషింగ్టన్ ప్రదర్శనశాలలో ఉన్నది. దాన్ని చూసేవారికీ గోలకొండే గుర్తుకు వస్తుంది.

తెలుగులో "పేరు" అంటే కీర్తి అని కూడా అర్థం. అది రాజు ఉన్న చోటికి పోయింది. మన్ను మోసినవారి ఊరు నీటి అడుగుకు పోయింది.

మీరు ఒక పని చేయండి. మీ ఊరి పేరును మీ తాతగారు ఎలా పలుకుతారో వినండి. రైలు స్టేషను పలక మీద, బస్సు మీద ఎలా రాశారో చూడండి. ఇంగ్లీషులో గుంటూరు చివర "యు, ఆర్" రాసి, నెల్లూరు చివర "ఓ, ఆర్, ఇ" ఎందుకు రాస్తారో మీ మాస్టారిని అడగండి. అన్నీ ఒక కాగితం మీద రాసి దాచుకోండి. ఊరి పేరు సరిగా రాసి ఉంచితే, ఊరు లేకపోయినా దాని కథ నిలుస్తుంది.