గేర్లు పెరిగితే బండి బాగా గుంజుతుందా?

సరకు మోసే బండికి గేర్లు ఎక్కువగా ఉంటే బరువు తేలిగ్గా లాగుతుందనీ, డీజిల్ తక్కువ తాగుతుందనీ చెప్పే మాటలో నిజం లేకపోలేదు గానీ, ఆ నిజం ఏ రోడ్డు మీద నిలుస్తుందో, ఏ రోడ్డు మీద తేలిపోతుందో చూడటానికి హైదరాబాద్‌లో పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వరకు మెట్రో వంతెన కింద సాగే రోడ్డు చక్కగా పనికొస్తుంది.

ఇంజిన్ అన్ని వేగాల వద్దా ఒకే బలాన్ని ఇవ్వదు. చక్రాన్ని తిప్పే బలాన్ని టార్క్ అంటారు. డీజిల్ ఇంజిన్‌లో అది ఒక ఇరుకైన వేగ పరిధిలోనే నిండుగా దొరుకుతుంది కాబట్టి, బండి ఎంత నెమ్మదిగా కదిలినా, ఎంత వేగంగా పరుగెత్తినా ఇంజిన్‌ను ఆ పరిధి దాటనీయకుండా చూడటమే గేర్ల పని. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగితే గేర్ పెట్టె నుంచి బయటికి వచ్చే షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుందో ఆ లెక్కను గేర్ నిష్పత్తి అంటారు. ఈ నిష్పత్తి ఎక్కువైతే లాగే బలం పెరుగుతుంది, తగ్గితే ఇంజిన్‌కు శ్రమ లేకుండా వేగం వస్తుంది.

అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌కు 2017 నమూనాతో వచ్చిన 10 గేర్ల ఆటోమేటిక్ పెట్టె, జనరల్ మోటార్స్‌తో కలిసి రూపొందించినది, ఈ లెక్కను స్పష్టంగా చూపిస్తుంది. వెనుక ట్రెయిలర్ తగిలించుకుని ఎత్తు ఎక్కుతున్నప్పుడు, పాత 6 గేర్ల పెట్టెలో రెండో గేరు నుంచి మూడో గేరుకు మారితే నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్న ఇంజిన్ దాదాపు 1,950 చుట్లకు పడిపోతుంది. కొత్త పెట్టెలో మూడు నుంచి నాలుగుకు మారితే సుమారు 2,470 దగ్గర ఆగుతుంది. పై గేరు పడగానే ఇంజిన్ నీరసించి మళ్లీ కింది గేరు కోరుకునే ఇబ్బంది అందువల్ల తగ్గుతుంది, బరువు లాగేవారికి దక్కే అసలు మేలు ఇదే.

అయితే గేర్ల సంఖ్య ఒకటి, వాటి వ్యాప్తి మరొకటి. మొదటి గేరు నిష్పత్తిని చివరి గేరు నిష్పత్తితో భాగిస్తే వచ్చే ఈ వ్యాప్తి ఫోర్డ్ పాత పెట్టెలో 6, కొత్తదానిలో 7.4 కాగా, జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ 2009లోనే తెచ్చిన 8 గేర్ల పెట్టెలో అది 7 దాకా ఉంది. అంటే ఎనిమిది నుంచి పదికి వెళ్లడం అదే మేడకు మెట్లు పెంచడం లాంటిది. ఎక్కడం సుఖమవుతుందే తప్ప మేడ పెద్దగా ఎదగదు. పైగా ఎక్కువ గేర్లంటే ఎక్కువ భాగాలు, ఎక్కువ రాపిడి, రిపేరు వస్తే ఎక్కువ ఖర్చు.

తెలుగు నేల మీద ఇందుకు దగ్గరి ఉదాహరణ శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన ఇసుజు కర్మాగారం. అక్కడి డి-మ్యాక్స్ వి-క్రాస్ మొదట 2.5 లీటర్ల ఇంజిన్, 5 గేర్లతో వచ్చింది. 2021లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలకు తగ్గట్టు వచ్చిన నమూనాలో ఇంజిన్ 1.9 లీటర్లకు తగ్గి, గేర్లు 6కు చేరి, టార్క్ 320 నుంచి 360 న్యూటన్ మీటర్లకు పెరిగింది. లాగే బలం పెరగడానికి ప్రధాన కారణం కొత్త ఇంజిన్, దాని టర్బో. ఔటర్ రింగ్ రోడ్డు మీదో, విజయవాడ హైవే మీదో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ వేగం నిలుపుకోవడానికి ఆరో గేరు తోడ్పడుతుంది, డీజిల్ ఆదా అయ్యేదీ అక్కడే.

పంజాగుట్ట చౌరస్తాలో ఆ ఆరో గేరుకు పనే ఉండదు. అమీర్‌పేట హాస్టళ్ల సందుల్లోకి వెళ్లే ట్రాలీలో 20 లీటర్ల నీళ్ల క్యాన్లు 35 ఎక్కిస్తే బరువు 700 కిలోలు. ఆ బరువుతో సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు డ్రైవర్ ఒకటి, రెండు గేర్లలోనే హాఫ్ క్లచ్ మీద బండిని నెట్టుకొస్తుంటే, ఆగిన ప్రతిసారీ ఇంజిన్ ఊరికే తిరుగుతూ డీజిల్ తాగుతుంది, కదిలిన ప్రతిసారీ క్లచ్ ప్లేటు అరుగుతుంది. 2005లో వచ్చిన తొలి టాటా ఏస్ 16 హార్స్‌పవర్ ఇంజిన్‌తో, 4 గేర్లతోనే ముప్పావు టన్ను మోసి దేశమంతా చెల్లుబాటైంది. మొదటి గేరు నిష్పత్తిని బరువుకు తగినంత ఎక్కువగా పెట్టడమే అలాంటి బండిని కదిలిస్తుంది గానీ, పైన ఎన్ని గేర్లున్నాయన్నది కాదు.

ఇంకో అడుగు వేస్తే గేర్ల మార్పిడే అక్కర్లేని బండి కనిపిస్తుంది. ఎలక్ట్రిక్ మోటారు కదలని స్థితి నుంచే నిండు టార్క్ ఇస్తుంది కనుక 2022లో ప్రకటించిన టాటా ఏస్ ఈవీకి ఒకే ఒక స్థిర నిష్పత్తి చాలింది. సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు ఆ మోటారు ఊరికే తిరగదు, అరగడానికి క్లచ్చూ ఉండదు.

కాబట్టి పికప్ కొనేవారు గేర్ల సంఖ్య దగ్గరే ఆగకుండా మొదటి గేరు నిష్పత్తి ఎంత, గేర్ పెట్టె దాటాక చక్రాలను తిప్పే వెనుక యాక్సిల్ నిష్పత్తి ఎంత, బండి రోజులో ఎన్ని కిలోమీటర్లు హైవే మీద తిరుగుతుంది అన్నవి చూసుకోవాలి. రోజూ దూరప్రాంతాలకు సరకు వేసేవారికి ఆరో గేరు డబ్బు తిరిగి ఇస్తుంది. పంజాగుట్ట, అమీర్‌పేట దాటనివారు దాని కోసం అదనంగా చెల్లించడం దండగ.