తీరిక లేని యజమానికి కృతజ్ఞత ఎలా కుదురుతుంది?

వ్యాపారంలో కృతజ్ఞతకు రెండు భాగాలున్నాయి. తన లాభంలో ఎదుటివాళ్ల కష్టం ఎంతుందో గుర్తించడం మొదటిది. గుర్తించిన సంగతి ఆ మనిషికి తెలిసేలా చెప్పడం రెండోది. చాలామంది యజమానులు మొదటి దాని దగ్గరే ఆగిపోతారు.

రావులపాలెం అరటి మార్కెట్‌నే చూడవచ్చు. లంక భూముల నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, బొంత గెలలు సైకిళ్ల మీదా వ్యాన్ల మీదా వస్తాయి. వేలంపాట ముగిశాక లారీలకెక్కి ఇతర రాష్ట్రాలకు పోతాయి. ఆగని సరుకు కావడంతో రైతు, జట్టు కూలీ, గుమాస్తా, డ్రైవరు ఎవరి వంతు వాళ్లు వేళకు చేస్తేనే వ్యాపారికి నాలుగు డబ్బులు మిగులుతాయి. అయినా యజమాని ఫోను మోగేది ఎక్కడో తేడా వచ్చినప్పుడే. కాయ నలగకుండా లారీ నింపిన జట్టును మెచ్చుకోవడానికి ఎవరూ ఫోను చెయ్యరు. సవ్యంగా జరిగిన పని కంటికి ఆనదు. తీరిక లేకపోవడం కంటే ఇదే పెద్ద అడ్డంకి.

సవ్యంగా జరిగిన పనిని గుర్తించి చెప్పడానికి రావులపాలేనికి ఎగువన, ధవళేశ్వరంలో మంచి ఉదాహరణ ఉంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన గోదావరి ఆనకట్ట పనిలో ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవాడు వీణెం వీరన్న. వేలమంది కూలీలను కూడగట్టి, వాళ్ల బాగోగులు చూస్తూ పని నడిపించాడు. కాటన్ అతణ్ణి నోటిమాటతో మెచ్చుకుని ఊరుకోలేదు. అతని సేవను ప్రభుత్వం దృష్టికి తీసుకెళ్లి సిఫారసు చేశాడు. వీరన్నకు రాయ్ బహదూర్ బిరుదు, ఆలమూరు దగ్గరి మెర్నిపాడు గ్రామ శిస్తులో వాటా దక్కాయి. డెల్టా ప్రజలు కాటన్‌కు ఊరూరా విగ్రహాలు పెట్టారు, గోదావరి ఒడ్డున తర్పణాలూ వదిలారు. ఆయన తన కింది మనిషిని ఎలా గుర్తుపెట్టుకున్నాడన్నది మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

కృతజ్ఞత పని మీద చూపే ప్రభావాన్ని ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో పరిశీలించి 2010లో ప్రచురించారు. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో కొందరు ఉద్యోగులు ఫోన్లు చేసి విరాళాలు అడుగుతుంటారు. కాదనిపించుకోవడమే ఎక్కువగా ఉండే పని అది. వాళ్లలో సగం మంది దగ్గరికి పై అధికారి స్వయంగా వచ్చి, వాళ్ల శ్రమకు కృతజ్ఞతలు చెప్పారు. తరువాతి వారం ఆ సగం మంది చేసిన ఫోన్లు దాదాపు 50 శాతం పెరిగాయి. మిగతావాళ్లలో మార్పు లేదు. ఉద్యోగులందరివీ స్థిర జీతాలు కాబట్టి ఆ పెరుగుదల డబ్బు కోసం కాదు. తమ పనికి విలువ ఉందన్న భావన కలగడమే కారణమని పరిశోధకులు తేల్చారు.

ఇక సమయం సంగతి. క్యాంప్‌బెల్ సూప్ కంపెనీని 2001 నుంచి 2011 దాకా నడిపిన డగ్ కోనంట్, ఉద్యోగులకు తన చేత్తో రాసిన కృతజ్ఞత చీటీలు 30,000 వరకు ఉంటాయి. రోజూ కొంతసేపు దానికే కేటాయించేవాడు. ఎవరు ఏం బాగా చేశారో ముందే సమాచారం తెప్పించుకునేవాడు. పెప్సికోను నడిపిన చెన్నై బిడ్డ ఇంద్రా నూయీ తన దగ్గర పనిచేసే పెద్ద ఉద్యోగుల తల్లిదండ్రులకు ఉత్తరాలు రాసేది. ఎదురుగా పొగిడితే మొహమాటపడే మనవాళ్లకు ఈ రెండో పద్ధతి బాగా నప్పుతుంది. గుమాస్తా తండ్రి పెళ్లిలో కనబడినప్పుడు, ‘మీవాడు మొన్న తుపాను రాత్రి నిలబడి లారీ పంపించాడండీ, లేకపోతే సరుకంతా పోయేది’ అని నలుగురిలో అంటే చాలు. మాటలో పనీ, సందర్భమూ స్పష్టంగా ఉండాలి. ‘మీవాడు మంచోడండీ’ అన్నది ఎవరి గురించైనా అనవచ్చు, అందుకే నిలవదు.

గుర్తించే అలవాటుకు కాగితం సాయపడుతుంది. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా చేసిన అధ్యయనంలో కొందరు విద్యార్థులు పది వారాలపాటు వారానికోసారి, తమకు కలిగిన మేళ్లను అయిదు దాకా రాశారు. చిరాకులు రాసినవాళ్ల కంటే వీళ్లు జీవితం పట్ల ఎక్కువ తృప్తి కనబరిచారు. మార్కెట్ వ్యాపారికి ఇందుకు వేరే డైరీ అక్కర్లేదు. లెక్కలు కట్టేటప్పుడు ఆ రోజు అమ్మకం ఎవరి వల్ల గట్టెక్కిందో చిట్టా పక్కన ఒక పేరు రాసుకోవచ్చు.

అయితే బాకీని కృతజ్ఞతగా చూపించకూడదు. రైతుకు గెలల సొమ్ము వేళకు ఇవ్వడం, జట్టుకు ఒప్పుకున్న కూలి చెల్లించడం బాధ్యత. చట్టం కనీస బోనస్‌ను 8.33 శాతంగా నిర్ణయించింది. అర్హత ఉన్న ఉద్యోగికి అది హక్కు. దసరా మామూలు, సంక్రాంతికి పెట్టే బట్టలు ఆ పైన ఇచ్చేవి. సొమ్ము బిగబట్టి బట్టలు పెట్టే యజమాని లెక్క పనివాళ్లకు బాగానే తెలుస్తుంది.

అన్నీ సక్రమంగా ఇచ్చే యజమానులు కూడా మాట దగ్గర తడబడతారు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో, కృతజ్ఞతతో ఉత్తరాలు రాసినవాళ్లు అందుకునేవాళ్లు ఇబ్బంది పడతారని ఎక్కువగా ఊహించుకున్నారు, ఎంత సంతోషిస్తారో తక్కువగా అంచనా వేశారు. రాసేవాళ్ల బెంగంతా మాటలు సరిగ్గా కుదిరాయా లేదా అన్నదాని మీదే. అందుకున్నవాళ్లు చూసింది అందులోని ఆప్యాయతను.