లిద్దర్ నదిలో ఈకల గాలము

తెలుగున “గాలము వేయుట” యనిన మాటలతో నొకనిని లోబరచుకొన యత్నించుట. కాశ్మీరమందలి లిద్దర్ నదిలో ట్రౌట్ చేపను పట్టువాడు ఈ మాటను అక్షరాల నిజము చేయుచున్నాడు. మన చెరువులలో గాలమునకు వానపామును గ్రుచ్చుదురు. మోసమే యైనను అది నిజమైన ఆహారము. ఇచ్చట ఎరయే అబద్ధము. చిన్న కొక్కెమునకు ఈకలు, పట్టుదారము చుట్టి ఈగవలె అమర్తురు. దానికి బరువు లేదు గనుక ఊరక విసరిన దూరము పోదు. బరువైన దారమును కర్రతో వెనుకకు ముందునకు ఊపి విడువగా ఆ దారమే దానిని గొనిపోయి నీటిపై దింపును.

ఈ చేప కాశ్మీరమున పుట్టినది గాదు. 1899లో బ్రిటనునుండి పంపిన గ్రుడ్లు చెడిపోయినవి. మరుసటి యేడు వచ్చినవి బ్రతికినవి. శ్రీనగరమున తివాచీల కర్మాగారము నడపిన ఫ్రాంక్ మిచెల్ వీని పెంపకమునకు పూనుకొనెను. స్నో ట్రౌట్ అని పేరుపడిన స్థానిక మత్స్యము నిజమునకు మన బొచ్చె, రాగండి చేపల కుటుంబమునకు చెందినది; ఆహారమునకును తావునకును అది ఈ పరదేశితో పోటీ పడవలసివచ్చినది. ఈ సంగతిని వేటగాండ్రు తరచుగా చెప్పరు.

వేట ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వరకు. మే, జూన్ నెలలలో మంచు కరిగి నది కలక బారి ఉరుకును. చేపలు రాళ్ల చాటున ప్రవాహమున కెదురుగా నిలిచి, కొట్టుకొనివచ్చు మేతకై కాచుకొనియుండును. వాని మేతలో ముఖ్యమైనది మే ఈగ. అది నెలల తరబడి నీటి యడుగున పురుగుగా జీవించి, రెక్కలు వచ్చిన పిదప ఒకటి రెండు దినములే బ్రతుకును. అప్పుడు దానికి తినుటకు నోరైనను పనిచేయదు! సెప్టెంబరున నీరు తేటపడును. మనుష్యుని నీడ సోకిన చేప పారిపోవును గనుక వేటగాడు మోకాళ్లపై కూర్చుండును. శరత్తు ముదిరిన పిదప ఆడచేప గులకరాళ్లలో గుంట చేసి గ్రుడ్లు పెట్టును. అవి చలికాలమంతయు అందే యుండును.

పహల్‌గాం పైన పడమటి లిద్దరుకు నీరిచ్చు కొలహాయి హిమానీనదము ఏటేట తరిగిపోవుచున్నది. నీటి వేడిమి 20 డిగ్రీల సెంటీగ్రేడు చేరిన ట్రౌట్ మేత తగ్గించును. ఇంకను పెరిగిన ప్రాణాపాయమే. చల్లదనమును వెదకుచు అది ఎగువకు పోవలె. ఎగువనున్నది ఆ హిమానీనదమే.